విజయనగరంలో తయారైన ఒక పట్టిక: నేరానికి కారణం ఎక్కడ వెదకాలి?

గాయంతో వచ్చిన మనిషిని చూడగానే వైద్యుడు వేసే మొదటి ప్రశ్న "నొప్పి ఎక్కడ?" అన్నది. పోలీసు అధికారి వేసే మొదటి ప్రశ్న "కొట్టింది ఎవరు?" అన్నది. రెండూ అవసరమైన ప్రశ్నలే. అయితే నేరానికి కారణాలేమిటని శాస్త్రబద్ధంగా ఆలోచించడం మొదలుపెట్టిన పంతొమ్మిదవ శతాబ్దపు పండితులు చాలాకాలం రెండవ ప్రశ్ననే పట్టుకుని వేళ్లాడారు. దెబ్బ కొట్టినవాడి ముఖం చూశారు, వాడి కులం చూశారు, చివరకు వాడి పుర్రెను కూడా కొలిచారు. దెబ్బ తిన్నవారు ఎవరు, ఎందరు, వారికే ఆ దెబ్బ ఎందుకు తగిలింది అన్న విచారణ బాగా ఆలస్యంగా వచ్చింది. అటువంటి విచారణ ఒకటి, ఆ పేరు పెట్టకుండానే, మన విజయనగరంలో ఆ శతాబ్దం ముగియకముందే జరిగింది. ఆరోగ్య విషయాలు రాసే ఈ చోట ఈ చరిత్ర ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో హింస గురించి పెద్ద నివేదిక వెలువరించి, మలేరియా, క్షయల మాదిరిగానే హింస కూడా ప్రజారోగ్య సమస్య అని స్పష్టం చేసింది. వ్యాధికైనా హింసకైనా మొదట కావలసింది లెక్క. ఎవరికి సోకింది, ఏ వయసులో సోకింది, ఏ ఇంట్లో సోకింది అన్నది తెలియకుండా కారణం చెప్పబూనడం జాతకం చెప్పడమే అవుతుంది.

ముందు ఆ పుర్రెల సంగతి కొంచెం చెప్పాలి. 1876లో ఇటలీ దేశస్థుడైన సిసారే లొంబ్రోసో, నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడని, దవడ, నుదురు, చెవుల తీరు చూసి అతణ్ణి గుర్తించవచ్చునని ఒక గ్రంథం ప్రకటించాడు. ఆయనా మా వృత్తివాడే, వైద్యుడే. అందుకు వైద్యులమందరం కొంత తలవంచుకోవలసిందే. ఆ గ్రంథం రాకముందే, 1871లో, మన దేశంలో బ్రిటిషు ప్రభుత్వం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థ జాతులుగా ప్రకటించే చట్టం చేసింది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా విస్తరించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టం నీడలో వెలసినదే. తల్లి ఒడిలోని బిడ్డకు సైతం నేరస్థ ముద్ర వేసిన ఆ చట్టం 1952లో గానీ రద్దు కాలేదు. నేరం అనేది ఎక్కడో ఊరి బయట గుడిసెల్లో, మనకంటే వేరైన మనుషుల రక్తంలో ఉంటుందన్న నమ్మకం పెద్దమనుషులకు ఎంతో హాయినిచ్చే నమ్మకం. తమ ఇంటి వైపు చూసుకోవలసిన అవసరం లేకుండా చేస్తుంది.

విజయనగరం పట్టిక చూసింది సరిగ్గా పెద్దమనుషుల ఇళ్లలోకి.

అప్పటి విజయనగర సంస్థానాధిపతి ఆనంద గజపతిరాజు. 1879 నుంచి 1897లో మరణించేవరకు సంస్థానాన్ని పాలించాడు. మద్రాసు శాసనసభలో ఒక వివాహ బిల్లును ప్రవేశపెట్టే సన్నాహాలు జరుగుతున్న రోజుల్లో, విశాఖపట్నం జిల్లాలోని సామాన్య బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని ఆడపిల్లనిచ్చిన పెళ్లిళ్ల పట్టిక తయారు చేయించాడు. ఆ లెక్కను మనకు అందించినవాడు గురజాడ అప్పారావు. 'కన్యాశుల్కం' నాటకం 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసిని సభవారి చేత ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. ఆ తొలి ముద్రణకు ఆంగ్లంలో రాసిన ముందుమాటలో ఆయన ఈ అంకెలను నమోదు చేశాడు. నాటకాన్ని పదిసార్లు చదివిన వారిలో కూడా ఆ ముందుమాట మీద చూపు నిలపనివారు చాలామంది ఉన్నారు. గిరీశం మాటల రుచి అటువంటిది మరి.

నమోదైన పెళ్లిళ్లు 1034. ఏడాదికి సగటున 344, అంటే మూడేళ్ల లెక్క. ఇందులో పెళ్లికూతురి వయసు అయిదేళ్లయినవి 99. నాలుగేళ్లయినవి 44. మూడేళ్లయినవి 36. రెండేళ్లయినవి 6. ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లలకు పలికిన ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న పిల్లకు కూడా బేరాలు కుదిరేవని గురజాడ రాశాడు.

ఈ అంకెలను ఒకసారి కూడి చూడండి. అయిదేళ్లు, అంతకు లోపు వయసున్న పెళ్లికూతుళ్లు 188 మంది. మొత్తంలో నూటికి 18 మంది. నేటి ఆసుపత్రిలో వీరంతా పిల్లల వార్డులో చేర్చుకోవలసినవారు. రెండేళ్ల పిల్లకు టీకాల కార్డు ఇంకా పూర్తి కాదు. ఏడాది పిల్లకు అడుగులు అప్పుడప్పుడే పడుతుంటాయి, పాలపళ్లు వస్తుంటాయి. మా వైపు ఇళ్లలో ఆ వయసు పిల్లను ముద్దుగా గుంట అంటారు. ఆ గుంటకు ధర కట్టి, తూచి, పెళ్లి అన్నారు.

మరొక సంగతి. ఈ పట్టిక సమగ్రం కాదని గురజాడే చెప్పాడు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి సంబంధించినవారు సహజంగానే ఇష్టపడలేదు. దానికి తోడు అది ఒక్క జిల్లా లెక్క, ఒక్క వర్ణం లెక్క. అప్పట్లో పాలకొండ విశాఖపట్నం జిల్లాలో ఉంటే, శ్రీకాకుళం పట్టణం గంజాం జిల్లాలో ఉండేది. కనుక 1034 అనే అంకె నేల మీద కనిపించే చెట్టు మాత్రమే, వేళ్లు ఎంత దూరం పాకాయో ఎవరూ తవ్వలేదు. నేరశాస్త్రం చదివినవారు దీన్నే నమోదు కాని నేరం అంటారు. పోలీసు లెక్కలకు ఎక్కని బాధితులను ఇంటింటికీ తిరిగి అడిగి తెలుసుకునే జాతీయ సర్వే అమెరికాలో 1970లలో గానీ మొదలు కాలేదు. బాధితుల గురించి ప్రత్యేకమైన అధ్యయనం అనదగినది రెండవ ప్రపంచ యుద్ధం తరువాతిది. మన రాజుగారి గుమాస్తాలు పల్లెలు తిరిగి చేసిన పనికి అప్పటికి ప్రపంచంలో ఎక్కడా పేరు లేదు.

ఇక కారణాల మాట. ఆడపిల్లను అమ్ముకున్న తండ్రులందరూ క్రూరులా? లొంబ్రోసో వారి పుర్రెలు కొలిచి ఉంటే ఏం కనుగొనేవాడో! వేదం చదువుకున్నవారు, మడి కట్టుకునేవారు, ఊళ్లో గౌరవం ఉన్నవారు. ఆడపిల్లకు శుల్కం పుచ్చుకున్న తండ్రి సంతానాన్ని అమ్ముకున్నవాడే అవుతాడని మనుస్మృతి తప్పుబట్టిందని వారికి తెలియనిది కాదు. తెలిసినా ఆగలేదంటే, కారణం మనిషి గుణంలో కంటే అతడు నిలబడిన నేలలో ఎక్కువగా ఉందన్నమాట.

ఆ నేలను ఒక్కసారి పరిశీలిద్దాం. ఆడపిల్లకు రజస్వల కాకముందే పెళ్లి కావాలి. భర్త పోతే ఆమెకు మళ్లీ పెళ్లి లేదు. 1856లో చట్టం వితంతు వివాహానికి దారి తెరిచినా, తెలుగునాట వీరేశలింగం పంతులు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించేసరికి 1881 డిసెంబరు వచ్చింది, ఆ తరువాత కూడా అటువంటి పెళ్లిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినవే. మగవాడికి మాత్రం భార్య పోతే ఎన్నిసార్లయినా, ఏ వయసులోనైనా పెళ్లి ఉంది. ఇక్కడ వైద్యుడిగా నాకు తోచే ఊహ ఒకటి ఉంది. కటి ఎముకలు పూర్తిగా ఎదగని పదమూడు, పద్నాలుగేళ్ల పిల్ల గర్భం దాలిస్తే కాన్పు అడ్డం తిరిగే అవకాశం ఎక్కువ. రక్తహీనత, గుర్రపువాతం, రోజుల తరబడి నొప్పులు, బిడ్డతో సహా మరణం. సిజేరియన్ లేని, రక్తం ఎక్కించడం తెలియని రోజులవి. అలా పోయిన ప్రతి చిన్నారి భార్యా ఒక మగవాడిని మళ్లీ పెళ్లికొడుకును చేస్తుంది. అతడు కొనవలసింది మళ్లీ ఒక పసిపిల్లనే, ఎందుకంటే ఎదిగిన ఆడవారంతా పెళ్లయినవారో, వితంతువులో. అతడు ముసలితనంలో పోతే ఆ పిల్ల వితంతువై పెళ్లి సంత నుంచి శాశ్వతంగా తప్పుకుంటుంది. వెతికేవారు ఎక్కువై, పిల్లలు తక్కువై, ధర పెరుగుతుంది. ధర పెరిగిన కొద్దీ బేరం ముందుగా కుదుర్చుకోవాలన్న తొందర కలుగుతుంది. అయిదేళ్లది నాలుగుకు, నాలుగుది రెండుకు, చివరకు గర్భంలోకి దిగుతుంది. ఒక జబ్బు ముదిరి మరొక జబ్బుకు కారణమై, ఆ రెండవది తిరిగి మొదటిదాన్ని పెంచడం మేము వార్డులో రోజూ చూసేదే. ఈ విషవలయంలో ఒక్కడంటే ఒక్కడు రాక్షసుడు లేకపోయినా బాధితులు మాత్రం తయారవుతూనే ఉంటారు.

దీనికి పేదరికం తోడు. అగ్రహారాల్లో భూములు పంచుకుని పంచుకుని చెక్కలైపోయాయి. కోర్టులు వచ్చాయి, వాటితో దావాలు వచ్చాయి, దావాలకు ప్లీడర్లు, ప్లీడర్లకు ఫీజులు. నాటకంలో కృష్ణరాయపురం అగ్రహారీకుడైన అగ్నిహోత్రావధానులకు కోర్టు వ్యవహారాల పిచ్చి ఎంతటిదో మనకు తెలుసు. అతడి కళ్లకు కూతురు తాకట్టు పెట్టడానికి వీలున్న ఆస్తి. గురజాడ గొప్పతనం ఏమిటంటే అతణ్ణి దుర్మార్గుడిగా చిత్రించలేదు, మూర్ఖుడిగా, కోపిష్ఠిగా, మనకు బాగా తెలిసిన మన వీధి మనిషిగా చిత్రించాడు. చూసి నవ్వుతాం. నవ్విన తరువాత కొంతసేపటికి గుండెలో ముల్లు కదులుతుంది.

1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు నేరం జరగడానికి మూడు కలిసి రావాలని చెప్పారు: చేయదలచినవాడు, చేయడానికి అనువైన లక్ష్యం, అడ్డుకోగల రక్షకుడు లేకపోవడం. నేరం ఎక్కడ, ఎప్పుడు, ఎవరిపై జరుగుతుందో చెప్పడానికి ఈ సూత్రం ఇప్పటికీ పనికివస్తోంది. వీధి దీపం వెలిగిస్తే, కాపలా పెడితే దొంగతనాలు తగ్గడం వంటివి దీనికి ఉదాహరణలు. కానీ దీన్ని మన 1034 పెళ్లిళ్లకు అన్వయించి చూస్తే మూడవ కాలు విరుగుతుంది. రక్షకుడు లేకపోవడమనే మాటే లేదు. రక్షకుడు ఇంట్లోనే ఉన్నాడు, చట్టం కూడా అతణ్ణే రక్షకుడంటుంది. అమ్మకందారు అతడే. ఇంటిలోపలి హింసకంతటికీ, అది పిల్లల మీదిదైనా, భార్య మీదిదైనా, ముసలి తల్లిదండ్రుల మీదిదైనా, కీలకం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కాపాడవలసిన చేయే కొట్టే చేయి అయినప్పుడు, రెండవ రక్షకుడు ఒకడు ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి ఆ మనిషి గతి తేలుతుంది.

'కన్యాశుల్కం' కథంతా ఆ రెండవ రక్షకుణ్ణి వెదకడమే అని నాకు అనిపిస్తుంది. సుబ్బి తల్లి వెంకమ్మకు ఇంట్లో మాట చెల్లదు. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే బాలవితంతువై కళ్లెదుట తిరుగుతోంది. చిన్నకూతుర్ని కూడా ముసలివాడైన లుబ్ధావధానులకు ఇస్తానంటే ఆ తల్లి చేయగలిగింది నూతిలో దూకడం ఒక్కటే. ఎదుటివాణ్ణి ఆపలేనివారు తమ శరీరాన్నే శిక్షించుకుంటారు. గన్నేరు పప్పు తిని, పురుగుల మందు తాగి ఆసుపత్రికి వచ్చే ఆడవారి విషయంలో కూడా చాలాసార్లు జరిగేది ఇదే. చివరకు రక్షకుడిగా వచ్చింది మేనమామ కరటకశాస్త్రి. అతడి చేతిలో చట్టం లేదు, పోలీసు లేడు, కులపెద్దల మద్దతు లేదు. అందుకే మగపిల్లవాడికి ఆడవేషం వేసి మోసంతో పెళ్లి తప్పించాడు. న్యాయానికి తలుపు లేని ఇంట్లో దొడ్డిదారే దిక్కు. ప్రేక్షకులు ఆ వేషానికి పగలబడి నవ్వుతారు గానీ, మేనమామ లేని సుబ్బిలు ఆ 1034 మందిలో ఎందరు?

ఆనంద గజపతి ఆశించిన బిల్లు చట్టం కాలేదు. అయితే దాదాపు అదే కాలంలో కలకత్తాలో జరిగిన ఒక మరణం దేశాన్ని కుదిపింది. 1889లో ఫూల్‌మణి అనే పదకొండేళ్ల పిల్ల, వయసులో తనకంటే ఎన్నో ఏళ్లు పెద్దవాడైన భర్త సంగమం వల్ల కలిగిన గాయాలతో, రక్తస్రావంతో మరణించింది. 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారం పదేళ్లు దాటిన భార్య విషయంలో అది అత్యాచారం కాదు. కనుక భర్తకు తేలికపాటి నేరం కింద ఒక ఏడాది శిక్షతో సరిపోయింది. అప్పుడు ఈ దేశంలో పనిచేస్తున్న మహిళా వైద్యులు అనేకమంది, తమ చేతుల మీదుగా చూసిన ఇటువంటి కేసులను జాబితాగా రాసి వైస్రాయికి వినతిపత్రం పంపారు. ఏ కేసులో ఎంత వయసు, ఏ గాయం, చివరకు ఏమైంది అని. మళ్లీ ఒక పట్టిక! 1891లో ఆ వయసు పదేళ్ల నుంచి పన్నెండేళ్లకు పెరిగింది. బాలగంగాధర తిలక్ అంతటివాడు ఆ చట్టాన్ని వ్యతిరేకించాడు. పరాయి ప్రభుత్వం మన ఇళ్లలో తల దూర్చడమేమిటన్నది ఆయన వాదం. ఆ వాదంలో ఇంటి గౌరవానికి చోటుంది, ఇంట్లోని పిల్లకు లేదు. స్వాతంత్ర్య పోరాటంలో ఆయన చేసిన సేవకు తలవంచుతూనే ఈ మాట చెప్పక తప్పదు.

ఆ వయసు 1925లో 13కు, 1949లో 15కు చేరింది. భార్య అయినా సరే 18 ఏళ్లు నిండనిదే సంగమం అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబరులో తీర్పు చెప్పింది. పది నుంచి పద్దెనిమిదికి రావడానికి 157 ఏళ్లు పట్టింది. పెళ్లి వయసు కథ వేరే. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిర్ణయించింది. చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వస్తుందని తెలియగానే దేశమంతటా ఆ లోపునే పిల్లల పెళ్లిళ్లు చేసేయాలని జనం ఎగబడ్డారు. 1931 జనాభా లెక్కల్లో పెళ్లయిన పిల్లల సంఖ్య తగ్గడానికి బదులు పెరిగి కనిపించింది. మందు సీసా మీద గడువు తేదీ చూసి, ఆ లోపు మొత్తం తాగేసిన రోగి గుర్తుకు వస్తాడు.

ఇప్పుడు అసలైన విచిత్రం. ఇరవయ్యవ శతాబ్దం నడుస్తుండగా కన్యాశుల్కం దానంతట అదే వెనక్కు తగ్గింది. ఇంగ్లీషు చదువులు వచ్చాయి, గుమాస్తా ఉద్యోగాలు, ప్లీడరీ పట్టాలు వచ్చాయి, ఉద్యోగం ఉన్న వరుడు అరుదైన సరుకయ్యాడు. డబ్బు ప్రవాహం దిశ మార్చుకుంది. ఆడపిల్ల తండ్రికి వచ్చే డబ్బు పోయి, ఆడపిల్ల తండ్రి ఇచ్చే డబ్బు వచ్చింది. వరకట్నం అంతకంతకూ అన్ని కులాలకూ పాకింది. శుల్కం పుచ్చుకోవడమే ఆడపిల్ల బాధకు మూలకారణమయితే, కట్నం వచ్చాక ఆమె సుఖపడవలసింది. అలా జరగలేదని చెప్పడానికి లెక్కలు కూడా అక్కర్లేదు. నిరోధించే చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 1958లోనే, కేంద్రం కంటే మూడేళ్లు ముందుగా చేసుకుంది. 1961లో కేంద్ర చట్టం, 1983లో భర్త, అత్తవారి క్రూరత్వానికి శిక్ష, 1986లో వరకట్న మరణం అనే ప్రత్యేక నేరం వచ్చాయి. డబ్బు తూర్పుకు పారినా, పడమరకు పారినా మునిగిన మనిషి ఒక్కరే. ప్రయోగశాలలో ఒక అంశాన్ని తిరగవేసి చూసినా ఫలితం మారకపోతే, ఆ అంశం అసలు కారణం కాదని నిర్ణయిస్తాం. ఇక్కడ చరిత్రే ఆ ప్రయోగం చేసి చూపించింది. బేరం ఎటు జరిగినా, బేరంలో ఆ పిల్ల మాటకు విలువ లేకపోవడం, ఆమె తిరిగి వెళ్లడానికి మరో గడప లేకపోవడం రెండు కాలాల్లోనూ మారలేదు.

ఈ జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసిన ఏ వైద్యుణ్ణి అడిగినా మెడికో లీగల్ రిజిస్టరు గురించి ఒక మాట చెబుతాడు. కిరోసిన్ పొయ్యిల కాలంలో కాలిన గాయాలతో వచ్చిన కోడళ్లు దాదాపు అందరూ ఒకటే చెప్పేవారు: "స్టవ్వు అంటుకుంది బాబూ." చెయ్యి విరిగి వచ్చిన ఇల్లాలు "నుయ్యి కాడ జారిపడ్డాను" అనేది. ముంజేతికి అడ్డంగా విరిగిన ఎముక, దెబ్బను కాచుకోవడానికి చేయి ఎత్తినప్పుడు విరిగే తీరులో ఉండేది. పక్కన భర్తో, అత్తో నిలబడి ఉండేవారు. నర్సమ్మ ఏదో నెపంతో వారిని బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి, మంచం అంచున కూర్చుని మెల్లగా మాట కలిపితే, కొందరు ఏడ్చేవారు, కొందరు మళ్లీ స్టవ్వు మాటే చెప్పేవారు. రిజిస్టరులో వారు చెప్పింది రాస్తాం, గాయం చెప్పింది కూడా రాస్తాం. మొదటిదానికీ రెండవదానికీ మధ్య ఉన్న ఖాళీలోనే మన జిల్లా అసలు నేర చరిత్ర ఉంది.

ఆ ఖాళీ ఎంతటిదో కొలవడానికి ఇప్పుడు ఇంటింటి సర్వే ఉంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో సుమారు 30 శాతం మంది భర్త చేతిలో హింస ఎదుర్కొన్నవారు. దేశం మొత్తం మీద హింసకు గురైన స్త్రీలలో ఎవరినైనా సాయం అడిగినవారు 14 శాతం మాత్రమే. నూటికి డెబ్బయి మందికి పైగా సాయం అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు కూడా. నాడు రాజుగారి మనుషుల ముందు తండ్రులు నోరు విప్పలేదు, నేడు బాధితులే విప్పడం లేదు. అడిగేవాడు ప్రతిసారీ పరాయివాడే అయినప్పుడు ఎవరు మాత్రం చెబుతారు?

అదే సర్వేలో మరొక అంకె ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల వయసు స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3. పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలలో అప్పటికే తల్లులైనవారు, గర్భిణులు 12.6 శాతం, దేశ సగటుకు దాదాపు రెట్టింపు. వరి పండించి, జీడి పండించి, బియ్యం బస్తాలు లారీలకెత్తే రాష్ట్రమిది. పిల్ల వయసు అయిదు నుంచి పదహారుకు పెరిగిందన్నది నిజమే, అది చిన్న విషయం కాదు. కానీ పదహారేళ్ల గర్భిణి హిమోగ్లోబిన్ కాగితం చూసినప్పుడు వైద్యుడికి కలిగే దిగులు ఆ మాటతో తీరదు.

తల్లిదండ్రులను అడిగితే వారు చెప్పేది డబ్బు మాట కాదు, భయం మాట. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి చెన్నైకి, హైదరాబాదుకు, విశాఖకు కూలిపనికి వలస పోని వీధి అరుదు. పిల్లను ముసలి అవ్వ దగ్గర వదిలి వెళ్లాలి. పదవ తరగతి అయ్యాక కళాశాల దూరం. ఎవరితోనైనా వెళ్లిపోతుందేమో, ఎవడైనా ఏమైనా చేస్తాడేమో. పెళ్లి చేసేస్తే పిల్లకు కాపలా దొరుకుతుందని వారి లెక్క. రక్షకుడి కోసమే పెళ్లి. ఆ రక్షకుడు ఎటువంటివాడో పరిశీలించడానికి వ్యవధి ఉండదు. వీరిని దుర్మార్గులనడం నాకు చేతకాదు. కస్తూర్బా బాలికా విద్యాలయంలో సీటు దొరికిన పిల్ల పెళ్లి వాయిదా పడుతుందని ఆ చుట్టుపక్కల పనిచేసే ఏ ఆశా కార్యకర్తను అడిగినా చెబుతుంది. హాస్టలు గోడ, వార్డెనమ్మ, నెలకొకసారి రక్తపరీక్ష చేసే ఏఎన్ఎమ్, ఇవన్నీ కలిసి కరటకశాస్త్రి చేసిన పనే, వేషం వేయకుండా, చేస్తున్నాయి.

చట్టం ఎక్కడి వరకు వచ్చిందో కూడా తెలుసుకోవడం మంచిది. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టంలోని పన్నెండవ సెక్షను, పెళ్లి కోసం అమ్ముడుపోయిన మైనరు పెళ్లి అసలు చెల్లదని చెబుతుంది. అంటే ఆ 1034 పెళ్లిళ్ల వంటివి మొదటి నుంచీ పెళ్లిళ్లే కావని అనడానికి నూరేళ్లకు పైగా పట్టింది. మిగిలిన బాల్య వివాహాలను రద్దు చేయమని ఆ పిల్లే కోర్టును కోరవచ్చు. మైనారిటీ తీరిన తరువాత రెండేళ్ల వరకు, అంటే ఇరవై ఏళ్లు నిండేవరకు, ఆ హక్కు ఆమెకు ఉంటుంది. జరగబోయే పెళ్లిని కోర్టు ముందుగా ఆపవచ్చు, ఆ ఉత్తర్వును కాదని జరిపించిన పెళ్లి చెల్లదు. పద్దెనిమిది నిండని పిల్లపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా, వైద్యుడితో సహా, పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం నిర్బంధిస్తోంది. అత్యాచార బాధితులకు ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా ప్రథమ చికిత్స చేయవలసిందే, పోలీసు కాగితం తెమ్మని తిప్పి పంపకూడదు. పిల్లల కోసం 1098, స్త్రీల కోసం 181 నంబర్లు పగలూ రాత్రీ పనిచేస్తాయి. ఫోను చేసేవారు తమ పేరు చెప్పనక్కరలేదు. మేనమామే కానక్కరలేదు, పక్కింటివారు చేసినా చాలు.